మజ్బూత్ అంటే ఎన్నేళ్లు?

హైదరాబాద్‌లో బీరువా కొనడానికి వెళ్లినవాళ్లు ధర కంటే ముందు అడిగే మాట ఒకటుంది: "మజ్బూత్‌గుంటదా అన్నా?" దుకాణదారు తలుపు మీద పిడికిలితో రెండు దెబ్బలు వేసి, "పదేండ్ల దాంక ఎటు పోదక్కా" అంటాడు. ఆ చప్పుడు, ఆ పదేండ్ల మాట రెండూ ఒకే ప్రశ్నకు జవాబులుగా చెల్లిపోతాయి. నిజానికి అవి వేర్వేరు ప్రశ్నల జవాబులు. చప్పుడు చెప్పేది రేకు ఇవాళ ఎంత మందంగా ఉందో. పదేండ్ల సంగతి తేల్చేవి తుప్పు, కీళ్లు, తాళం, గదిలో నేల తడి. వాటిని తట్టి చూసి తెలుసుకోవడం ఎవరివల్లా కాదు.

మజ్బూత్ మనకు ఉర్దూ మీదుగా వచ్చిన అరబీ మాట. గట్టిగా పట్టి ఉంచడం, అదుపులో పెట్టడం దాని ధాతువులో ఉన్న అర్థం. కోర్టు వాళ్లు ఆస్తిని 'జప్తు' చేశారంటామే, ఆ జప్తు కూడా ఆ ధాతువు నుంచి పుట్టిందే. అరబీ మాట్లాడేచోట ఇప్పటికీ ఇది 'కచ్చితంగా, సరిపడా' అనే అర్థంలోనే వాడుకలో ఉంది. ఈజిప్టులో మజ్బూత్ కాఫీ అంటే చక్కెర ఎక్కువా తక్కువా కాకుండా వేసినది. ఉర్దూలోకి వచ్చాక అది బలానికి పేరైంది. పాతబస్తీ నుంచి పల్లెల దాకా తెలుగు నోళ్లలో పడేసరికి బరువుకు, మందానికి గుర్తుగా మారింది. చేతికి బరువు తగిలితే మజ్బూతు, తేలిగ్గా ఉంటే నాసిరకం. ఈ కొలత అన్నివేళలా తప్పని అనలేం. కాకపోతే చాలా వస్తువుల విషయంలో అది సగం దారి వరకే తీసుకెళుతుంది.

తెలుగులో దీనికి దగ్గరి మాట 'గట్టి'. గట్టి పెరుగు, గట్టి చట్నీ, గట్టి పోటీ, గట్టి నమ్మకం, గట్టిగా అరవడం, గుండె గట్టి చేసుకోవడం: ఇన్ని చోట్ల తిరిగే మాట భాషలో అరుదు. ఎనభై ఏళ్లు దాటిన తాత తన పనులు తానే చేసుకుంటుంటే "ఇంకా గట్టిగనే ఉన్నడు" అంటారు. ఎక్కడ వాడినా అది చెప్పేది ప్రస్తుత స్థితి. పెరుగు ఇప్పుడు గట్టిగా ఉంది, తాత ఇప్పుడు గట్టిగా ఉన్నాడు. రేపటి సంగతి ఆ మాటలో లేదు.

రేపటి సంగతి చెప్పడానికి తెలుగువాళ్లు క్రియల దగ్గరికి వెళతారు. "ఈ చెప్పులు రెండేళ్లు వచ్చాయి." "ఈ రంగు వానకు ఆగదు." "ఆ బట్ట ఎంత ఉతికినా మన్నుతుంది." మూడింటి తీరూ వేరు. 'వచ్చాయి' అనాలంటే ఎన్నాళ్లో చెప్పాలి, కాలం లేకుండా ఆ వాక్యం నిలవదు. 'ఆగదు' అనాలంటే దేనికో చెప్పాలి: వానకా, ఎండకా, బరువుకా. 'మన్నడం'లో ఈ రెండూ కలిసి ఉన్నాయి. మన్నిక ఈ కుదురు మాటే. బతకడం అనే అర్థమున్న 'మను', దాన్నుంచి వచ్చిన 'మనుగడ' పక్కన పెట్టి చూస్తే దాని రుచి తెలుస్తుంది. వస్తువు తన మీదికి వచ్చే దెబ్బల మధ్య ఎన్నాళ్లు బతికి ఉంటుందన్నదే మన్నిక. వాడుకలో దీన్ని మజ్బూత్‌తో, గట్టిదనంతో కలిపేయడం వల్ల బీరువా నుంచి ఫ్లాటు దాకా కొనేవాళ్లు అడగాల్సిన ప్రశ్న అడగకుండానే డబ్బు కట్టేస్తున్నారు. అడగాల్సినవి రెండే: దేనికి ఆగాలి? ఎన్నాళ్లు రావాలి?

ముందు ఆ బీరువానే చూద్దాం. రేకు మందాన్ని దుకాణాల్లో గేజ్‌లో చెబుతారు. ఈ లెక్క తలకిందులుగా నడుస్తుంది: అంకె తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది. 22 గేజ్ కంటే 20 గేజ్ మందం, 20 కంటే 18 మందం. 20 గేజ్ రేకు ఒక మిల్లీమీటరుకు కాస్త లోపే ఉంటుంది. "22 ఎక్కువ కదమ్మా" అని ఎవరైనా అంటే అక్కడ జాగ్రత్తపడాలి. గేజ్ తెలిసినా అది గట్టిదనం దగ్గరే ఆగుతుంది. బీరువాలు పాడయ్యే తీరు వేరు. ఇల్లు తుడిచిన ప్రతిసారీ కాళ్ల దగ్గర, అడుగు అంచు కింద తడి నిలుస్తుంది. అక్కడ రంగు ముందు పొంగుతుంది, తర్వాత పొరలు లేస్తుంది, లోపల రేకు జల్లెడ అవుతుంది. పైన తలుపు మాత్రం తట్టితే ఇంకా ఖంగుమంటూనే ఉంటుంది. అందుకే కొనేటప్పుడు తలుపును వదిలి, వంగి అడుగు అంచు చూడాలి. అక్కడ లోపలివైపు కూడా రంగు పడిందా, వెల్డింగ్ చేసినచోట నల్లగా వదిలేశారా, కాళ్ల కింద ప్లాస్టిక్ బుష్షులు ఉన్నాయా అన్నది పదేండ్ల మాటకు అసలు సాక్ష్యం. నేల తడికి ఆగాలి, పదిహేనేళ్లు రావాలి అనుకుంటే ప్రశ్న అటే వెళుతుంది.

బేగంబజార్‌లో స్టీలు గిన్నెలు కిలోల లెక్కన తూచి ఇస్తారు కాబట్టి అక్కడ బరువే మన్నికగా చలామణి అవుతుంది. గిన్నె అడుగు మందంగా ఉంటే అన్నం అంటుకోదు, సొట్ట పడదు, నిజమే. తుప్పు సంగతి మాత్రం బరువులో ఉండదు, లోహంలో ఏమేం కలిపారన్న దాంట్లో ఉంటుంది. 304 రకంలో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 రకంలో ఖరీదైన నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. చూడటానికి రెండూ ఒకేలా మెరుస్తాయి. ఉప్పు, పులుపు, తడి దగ్గర 304 ఎక్కువ కాలం నిలుస్తుంది. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అని ఇళ్లలో ఒక నమ్మకం ఉంది. 202కి కూడా అయస్కాంతం సరిగా అంటుకోదు, కాబట్టి ఈ రెండింటినీ విడదీయడానికి ఆ పరీక్ష పనికిరాదు. గిన్నె మీద అచ్చువేసిన రకం అంకె, బిల్లు మీద రాసిచ్చిన అంకె, ఈ రెండే ఆధారం.

గట్టిదనానికి ఎదురు మాట ఏదంటే మెత్తదనం అంటాం. మన్నికకు ఎదురు నిలిచేది మాత్రం చాలాసార్లు 'పెళుసు'. పోత ఇనుముతో చేసిన దోసె పెనం చాలా గట్టిది. కార్బన్ ఎక్కువగా ఉండటం వల్ల దానికి ఆ గుణం వచ్చింది, పెళుసుదనం కూడా దాని వల్లే వచ్చింది. రోజూ పొయ్యి మీద పెట్టినా, నూనె రాసి తుడిచి దాచుకుంటే కోడలి చేతికీ మనవరాలి చేతికీ వస్తుంది. బండల మీద జారిపడితే ఒక్క దెబ్బకు రెండు ముక్కలవుతుంది. అదే సాగే గుణం ఉన్న మామూలు ఇనుప రేకు పెనమైతే సొట్ట పడి ఊరుకుంటుంది. పోత పెనం వేడికి ఆగుతుంది, కిందపడ్డ దెబ్బకు ఆగదు. 'ఏది మజ్బూత్' అంటే జవాబు లేదు, 'దేనికి' అని చేర్చితేనే ఉంది.

ఈ సంగతి నగరం పాత కట్టడాల్లో ఇంకా బాగా కనిపిస్తుంది. 1591లో కట్టిన చార్మినార్ గురించి మాట్లాడేటప్పుడు అందరూ నల్లరాతి గట్టిదనమే చెబుతారు. హైదరాబాద్ కూర్చున్న ఈ గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది, దాని బలానికి వంక పెట్టడానికి లేదు. కానీ రాయిని రాయితో కలిపి ఉంచింది, పైన పూలు, తోరణాలు, జాలీల పనితనమంతా మోసింది సున్నం గచ్చు. సిమెంటు పక్కన పెట్టి గోటితో గీరి చూస్తే అది మెత్తటి పదార్థం. ఆ మెత్తదనమే కట్టడాన్ని నిలబెట్టిన గుణాల్లో ఒకటి.

దాని తయారీలోనే అందుకు కారణం ఉంది. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి చల్లార్చి, తొట్లలో నానబెట్టి మాగనిస్తారు. తర్వాత ఇసుకతో కలిపి గానుగలో వేసి నూరుతారు. గానుగ సున్నం అన్న పేరు అందుకే. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం, మారేడు గుజ్జు వంటివి కలపడం దక్కనులో ఉన్న పద్ధతి. గోడకెక్కాక అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ, నెలల తరబడి, మళ్లీ మెల్లగా రాయిగా మారుతుంది. మే నెల ఎండకు పగలు రాయి వ్యాకోచిస్తుంది, రాత్రికి ముడుచుకుంటుంది. గచ్చు ఆ కదలికకు కొద్దికొద్దిగా సర్దుకుంటుంది. సన్నని పగులు వస్తే, లోపలికి దిగిన వాననీరు కాస్త సున్నాన్ని కరిగించి పగుల్లో పేర్చుతుంది, చిన్న చీలిక దానంతటదే పూడుకుంటుంది. గోడలోకి చేరిన తడి గచ్చు సందుల్లోంచి ఆవిరై బయటికి పోతుంది. సిమెంటు పూత ఈ పనులు చేయదు. అది గట్టిగా బిగిసి తడిని లోపలే కట్టేస్తుంది. ఆ తడి పాత సున్నాన్ని, రాయి అంచుల్ని తినేస్తుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ చేపట్టిన పునరుద్ధరణలో పెద్ద భాగం ఈ తప్పును దిద్దడమే. గత శతాబ్దంలో 'మరమ్మతు' పేరుతో వేసిన సిమెంటు పొరల్ని జాగ్రత్తగా చెక్కి తీసి, మళ్లీ సున్నం గచ్చు పూశారు. గట్టి పదార్థం వేసి మన్నికను దెబ్బతీసిన ఉదాహరణ నగరంలో ఇంతకంటే స్పష్టంగా మరోచోట దొరకదు.

అలాగని పాతదంతా మన్నికైనదని అనుకోకూడదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు నది మీది మిగతా వంతెనలు తెగినా 1578 నాటి పురానాపూల్ నిలబడింది. ఆ వరదలోనే వేలాది ఇళ్లు కూలిపోయాయి. వాటిలో పాత ఇళ్లూ, మట్టి గోడలవీ ఎన్నో. కూలినవి కనబడవు, నిలిచినవే కంటికి ఆనుతాయి కాబట్టి 'ఆ కాలం పని' మీద గౌరవం పెరుగుతుంది. పైగా నిలిచినవాటికి కూడా చూసే చెయ్యి ఉండాలి. 2019 మే నెలలో చార్మినార్ మినారు నుంచి గచ్చు పెచ్చు ఒకటి ఊడి కింద పడింది. నాలుగు వందల ఏళ్లు దాటిన గచ్చు అక్కడక్కడా ఊడటంలో వింతేమీ లేదు. దాన్ని మళ్లీ సున్నంతోనే పూడ్చి నిలబెట్టడం మన్నికలో భాగం. ఎప్పటికప్పుడు తడుముతూ ఉండే మరమ్మతు లేకపోతే పురావస్తు శాఖ చేతిలో ఉన్న కట్టడమైనా మన్నదు.

ఇవాళ ఈ మాటలు అత్యవసరమైన చోటు ఇల్లు కట్టే స్థలం. మియాపూర్ అయినా, ఉప్పల్ అయినా, కొత్త అపార్ట్‌మెంట్ చూపించేటప్పుడు వినిపించే అంకెలు రెండు: స్టీలు 550, సిమెంటు 53. మొదటిది కడ్డీ ఎంత లాగుడుకు సాగిపోవడం మొదలుపెడుతుందో చెప్పే అంకె, చదరపు మిల్లీమీటరుకు 550 న్యూటన్లు. రెండోది 28 రోజులకు సిమెంటు ఎంత నొక్కుడు తట్టుకుంటుందో చెప్పేది, చదరపు మిల్లీమీటరుకు 53 న్యూటన్లు. రెండూ మంచి అంకెలే, రెండూ గట్టిదనం అంకెలే. స్లాబ్ ఎన్నేళ్లు వస్తుందో ఈ రెండింటిలో ఏదీ చెప్పదు.

ఆ సంగతి మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 విడిగా చెబుతుంది. 2000 నాటి ఆ ప్రతిలో మన్నిక కోసం ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది. కాంక్రీటు తాను ఉండే వాతావరణంలో, తనకు ఎదురయ్యే పరిస్థితుల్లో, వాడుకలో ఉన్నంతకాలం సరిగా పనిచేస్తే అది మన్నికైనదని దాని సారం. 'దేనికి ఆగాలి, ఎన్నాళ్లు రావాలి' అని ఇంటి భాషలో అడిగితే ఇంజినీర్లు రాసుకున్నది అదే.

స్లాబ్‌ను కూల్చేది చాలాచోట్ల బరువు కాదు, తుప్పు. కడ్డీని కాంక్రీటు తన క్షారగుణంతో కాపాడుతుంది. కడ్డీ పైన ఉండే కాంక్రీటు పొర, సైట్లో 'కవర్' అనేది, పలచగా ఉంటే గాలీ తడీ కడ్డీ దాకా చేరతాయి. తుప్పు పట్టిన ఇనుముకు అసలు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు కావాలి. ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలి నుంచి పగులుతుంది, పెచ్చులు ఊడతాయి. అందుకే మామూలు పరిస్థితుల్లో స్లాబుకు 20 మిల్లీమీటర్లు, స్తంభానికి 40, పునాదికి 50 కవర్ ఉండాలని ప్రమాణం చెబుతుంది. కాంక్రీటు పోసే రోజు ఉదయం సెంట్రింగ్, అంటే స్లాబ్ పోయడానికి కింద కట్టే అచ్చు, ఎక్కి చూస్తే ఇది కళ్లకు కనబడుతుంది. కడ్డీల కింద సరైన మందంలో పోతపోసిన కవర్ బ్లాకులు వరసగా ఉన్నాయా, లేక దొరికిన కంకర రాయి పెట్టి ఊరుకున్నారా? కాసేపట్లో కూలీల కాళ్ల కింద ఆ కంకర జారిపోతే కడ్డీ సెంట్రింగ్ రేకు మీదే పడుకుంటుంది. పోసేశాక దాన్ని ఎవరూ చూడలేరు. పదో ఏటో పన్నెండో ఏటో బాత్రూం కింది గదిలో, కడ్డీ ఎటు పోయిందో అటే ఒక గోధుమరంగు చారగా అది కనబడుతుంది.

నీళ్ల దగ్గర రెండు తప్పులు జరుగుతాయి, రెండూ ఒకదానికొకటి విరుద్ధం. కలిపేటప్పుడు ఎక్కువ పోస్తారు, కలిపాక తక్కువ పోస్తారు. 50 కిలోల సిమెంటు బస్తాకు 25 లీటర్ల నీళ్లు అంటే సిమెంటుతో నీటి నిష్పత్తి 0.5. తడి ఇసుకలో ఉన్న నీరూ ఆ లెక్కలోకే వస్తుంది. మాల్, అంటే కలిపిన ముద్ద, జారుడుగా ఉంటే పని సులువని ఇంకో బకెట్ కుమ్మరిస్తే, ఆ అదనపు నీరు ఎండిపోయాక కాంక్రీటులో సన్నని రంధ్రాలు మిగులుతాయి. తడీ గాలీ నడిచే దారులు అవే. ఇక క్యూరింగ్, అంటే పోసిన కాంక్రీటును తడి ఆరకుండా ఉంచడం. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, హైదరాబాద్ వేసవి లాంటి పొడి వేడిలో 10 రోజులు, ఫ్లైయాష్ (బొగ్గు కాల్చగా మిగిలే సన్నని బూడిద) కలిసిన పీపీసీ వంటి సిమెంటుకు ఆ ఎండలో 14 రోజులు తడి ఆరకూడదు. స్లాబు మీద మట్టితోనో మాల్‌తోనో మళ్లు కట్టి నీళ్లు నిలపడం, స్తంభాలకు గోనెపట్టాలు చుట్టి తడపడం తెలియని మేస్త్రి లేడు. ఏప్రిల్‌లో బోరు ఎండి, ట్యాంకరు ఆలస్యమైనప్పుడే అసలు పరీక్ష. పైపుతో పొద్దున ఒకసారి చిలకరిస్తే పదకొండు గంటలకల్లా గోనెపట్టా ఎండి బిరుసెక్కుతుంది. చేతితో పట్టుకుంటే తెలిసిపోతుంది. ఖర్చు తక్కువ, తేడా ఎక్కువ ఉన్న పని ఇది, అయినా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే.

వాడుకలో ఇంకో మాట ఉంది: "ఇది బాగు కాదు, కొత్తది కొనండి." మన్నికకు మరమ్మతు కూడా లెక్కే. కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు వెతుక్కునేవాళ్లకు, రాణిగంజ్‌లో మోటారు బేరింగ్ కోసం తిరిగేవాళ్లకు ఇది బాగా తెలుసు. మరలతో బిగించిన మిక్సీ విప్పడానికి వస్తుంది, బ్రష్షులు మారిస్తే ఇంకో నాలుగేళ్లు తిరుగుతుంది. జిగురుతో అతికించి మూసేసిన వస్తువు ఎంత గట్టిగా ఉన్నా ఒక్క చిన్న భాగం పోతే మొత్తం చెత్తబుట్టకే. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు కోసం కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది. వస్తువు కొనేటప్పుడే విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో, ఎన్నాళ్లు దొరుకుతాయో అడగడం అలవాటైతే 'మజ్బూత్' కొంచెం నిజమైన అర్థంలోకి వస్తుంది.

ఇంటి విషయంలో 'ఎన్నేళ్లు' అన్న ప్రశ్నకు చట్టం కూడా ఒక జవాబు ఇచ్చింది. బిల్డర్లను, ఇళ్ల అమ్మకాలను నియంత్రించే 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాటు స్వాధీనం చేసిన రోజు నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలోనో పనితనంలోనో లోపం బయటపడి కొన్నవాళ్లు తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లోగా ఉచితంగా సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడగవచ్చు. పెచ్చు ఊడినచోట పుట్టీ పెట్టి రంగు వేసేస్తే అది సరిచేసినట్టు కాదు. పాడైన కాంక్రీటు చెక్కేసి, కడ్డీ తుప్పు గీకి శుభ్రం చేసి, పూత వేసి, మరమ్మతు మాల్‌తో మళ్లీ నింపాలి. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా ఆ ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. గల్లీల్లో లేచే చిన్న అపార్ట్‌మెంట్లు చాలావరకు ఈ లెక్కలోకే వస్తాయి. మేస్త్రితో సొంతిల్లు కట్టించుకునేవాళ్లకైతే చేతిలో ఉండేది వాళ్లు రాయించుకున్న ఒప్పందమే. కాబట్టి అలాంటి చోట కవర్ ఎన్ని మిల్లీమీటర్లు, క్యూరింగ్ ఎన్ని రోజులు, లోపం వస్తే ఎన్నేళ్ల దాకా బాధ్యత అన్నవి పని మొదలుకాక ముందే కాగితం మీద రాయించుకోవాలి. ఫ్లాటు తీసుకున్నవాళ్లు తొలి వానాకాలంలోనే స్లాబ్ అడుగులు, బాత్రూం కింది సీలింగులు, సన్‌షేడ్ల అంచులు చూసి, చార కనబడిన ప్రతిచోటా తేదీ పడేలా ఫొటో తీసి, బిల్డరుకు రాతపూర్వకంగా పంపి, అందినట్టు రసీదు దాచుకోవాలి. ఐదేళ్ల గడువు స్వాధీనం రోజు నుంచే నడుస్తుంది, చార కంటపడిన రోజు నుంచి కాదు.